బావి నాది, నీళ్ళు నావి కావు

ఒంట్లో నలతగానీ, మనసులో తికమకగానీ, ఎవరి ఒత్తిడిగానీ లేకుండా, నా యాభై రెండో ఏట, వంటింటి బల్ల దగ్గర కూర్చుని సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. పోయిన నెల రాసినదాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో పెరటి బావి నీళ్ళను పొద్దున పూట అబ్బాయికీ, సాయంత్రం పూట అమ్మాయికీ పంచి రాశాను. రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా చదివి, "బావి మీదేనమ్మా. నీళ్ళు మాత్రం రాసివ్వడానికి మీవి కావు. కొత్త చట్టంలో నేల కింది నీరు జనం అందరిదీ," అన్నాడు. సిగ్గుపడాల్సింది పోయి ఎగిరి గంతేసినంత పని చేశాను. నావి కాకపోతే గోడ అవతల మా మరిదివీ కావు!

1. ఇల్లు పిల్లలిద్దరికీ చెరిసగం. బీరువా అమ్మాయికి, తలుపు కాస్త పైకెత్తి మూయాలి. కుట్టుమిషను అబ్బాయికి, బొత్తాం ఊడినప్పుడల్లా పరిగెత్తుకొచ్చేది వాడే గనక.

2. బావి ఉమ్మడి. మోటారు రోజుకు అరగంటకు మించి వేయరాదు. నీళ్ళ మీటరు ముందు మనం పెట్టించుకుని, ఆ తర్వాతే ఇంకొకరిని పెట్టించమని అడగాలి.

3. ముడుల తాడు, దాని కొసనున్న ఇనప గుండు అమ్మాయికి. తొమ్మిదేళ్ళుగా రోజూ దాన్ని బావిలోకి వదిలి నీటి మట్టం రాస్తున్నాను. నీ ప్రసవం రోజున ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చింది అందుకే. ఏమనుకోకు తల్లీ.

4. ఆ మట్టాలు రాసిన నోటు పుస్తకాలు ఏడూ భూగర్భ జలాల కార్యాలయానికి. మరిది బోరు దగ్గర ట్యాంకర్లు నిండిన మర్నాడల్లా మా బావి జానెడు దిగింది. ఆయన మోటారు చెడిపోయిన ఈ మార్చి మూడు నుంచి పదమూడు దాకా మా బావిలో, ఎదురింటి టైలరు గారి బావిలో కూడా నీళ్ళు పైకొచ్చాయి. "నా బోరుకీ నీ బావికీ ఏం సంబంధం వదినా?" అని ఆయన ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. సంబంధం తేదీలతో సహా అందులో ఉంది. వచ్చే నెల ఆ కార్యాలయంలో ఆయన బోరు అనుమతి మీద విచారణ. నేను లేకపోతే పిల్లలు ఆ పుస్తకాలు పట్టుకుని వెళ్ళి తీరాలి. బోరు ఇలాగే నడిస్తే రెండేళ్ళలో వీధంతా ఎండుతుంది.

5. మరిదికి ఏమీ రాయలేదు. కోపంతో కాదు, కోపం ఉంది, అది వేరే సంగతి. కొత్త కోడలిగా వచ్చిన నాకు సైకిలు నేర్పింది ఆయనే. ఆస్తి పొందేవారు సాక్షిగా ఉండకూడదట. నాకు ఈ కాగితం మీద ఆయన సంతకం కావాలి.

6. అమలు బాధ్యత మా అక్కయ్యది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

తేదీ: జూన్ పంతొమ్మిది.
సంతకం: ఈ ఇంటి ఇల్లాలు

సాక్షులు:
1. ఎదురింటి టైలరు
2. మరిది. (కాగితం రెండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నారు. సంతకం కింద ఆయన చేత్తో రాసినది: "మార్చి తేదీలు నా రిపేరు రసీదుతో సరిచూశాను. సరిగ్గానే ఉన్నాయి.")