గాలి తగలని గాయం

నర్సీపట్నం,
మంగళవారం ఉదయం.

లీలమ్మా,

దేవుడు నీకు ధైర్యమివ్వాలి. తమ్ముడు నిన్నటికంటే నీరసించాడు. నాగలి కర్రు దిగిన కాలికి గాలి సోకకూడదని నువ్వు బిగించిన కట్టును డాక్టరుగారు విప్పారు. పిక్క నల్లబడింది. వేలితో నొక్కితే చర్మం కింద బుడగలు చిటపటలాడాయి.

గ్యాస్ గ్యాంగ్రీన్ అన్నారు. మట్టిలో ఉండే ఆ క్రిమి గాలి తగలని చోటే పెరుగుతుందట. అది వదిలే విషం కండను చంపుకుంటూ పైకి పాకుతోందట. తొడ దాటకముందే కాలు తీసేయాలట. నిన్ను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. గాయాన్ని మనవాళ్లందరం అలాగే కడతాం.

కానీ తమ్ముడు ఒప్పుకోవడం లేదు. "కాలు నిలబడాలని లీల ఉపాసముంది కదక్కా. అదొచ్చి సెప్తేనే తీయించుకుంతాను" అంటున్నాడు.

నువ్వు కోటవురట్ల చర్చిలో మోకాళ్ల మీద ఉన్నావని తెలుసు. నేనూ ప్రార్థిస్తూనే ఉన్నాను. కాలిని అడగలేదమ్మా, మనిషిని అడిగాను.

ఈ ఉత్తరం తెచ్చిన సంఘపెద్ద వరదానం గారితో బేగి బస్సెక్కు. వచ్చి వాడికి ఆ ఒక్క మాట చెప్పు. మిగిలిన ఉపవాసం నేనుంటాను.

నీ వదిన