ఆట కాదట

జనవరి 8, సోమవారం
ఈ రోజూ ఇండోర్ హాలు దొరకలేదు. చీర్‌లీడింగ్ కాలేజీ స్పోర్ట్స్ లిస్టులో లేదు, కల్చరల్‌లో ఉంది, కాబట్టి హాలూ మ్యాట్లూ ఇవ్వడం కుదరదన్నారు స్పోర్ట్స్ డైరెక్టర్ సార్. పోటీ ఆరు వారాల్లో ఉంది సార్ అన్నాను. అసలు మీరు ఆడేది ఎవరి మీదమ్మా, ఎదుటి జట్టేదీ అని అడిగారు. జిమ్నాస్టిక్స్‌లో ఎదుటి జట్టేదో మీరే చెప్పండని నోటి దాకా వచ్చింది. మింగేశాను. 

జనవరి 9
క్యాంటీన్ వెనక సిమెంటు నేల మీద ప్రాక్టీసు.

జనవరి 13, సాయంత్రం
అన్నయ్య వాలీబాల్ ఆడతాడు. అందుకని వాడికి పెద్ద పోజు. కుచ్చులు ఊపుతూ గెంతడం కూడా ఆటేనా అన్నాడు. మా జట్టు కుచ్చులు ముట్టదు. నేను బేస్‌ని, అంటే కింద నిలబడి ఎత్తేదాన్ని. మా ఫ్లయర్‌ని, అంటే పైకెక్కే అమ్మాయిని, అందరూ పిచ్చుక అంటారు గానీ నలభై నాలుగు కిలోలుంటుంది. ముగ్గురం కలిసి దాన్ని గాల్లోకి విసిరి మళ్లీ పట్టుకుంటాం. ఉత్త చేతులే పైకెత్తి పది నిమిషాలు ఉండు చూద్దాం అన్నాను అన్నయ్యతో. నాలుగో నిమిషంలో ఫోన్ వస్తోందని లేచి వెళ్లిపోయాడు. ఫోన్ మోగనే లేదు.

జనవరి 24
పిచ్చుక పడింది.

జనవరి 25, మధ్యాహ్నం
ఎడమ చేత్తో రాస్తున్నాను. నిన్న విసిరేటప్పుడు నా పక్కనున్న అమ్మాయి కాలు సిమెంటు మీద పడున్న ఇసుకలో జారింది. పిచ్చుక ఒక పక్కకు ఒరిగిపోయింది. నేను దూకి చేతులు చాపాను. దాని తల నేలకు తగల్లేదు. నా కుడి మణికట్టు మాత్రం దాని నడుముకీ సిమెంటుకీ మధ్య ఇరుక్కుంది. విరిగింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూస్తూ ఏం ఆడతావని అడిగింది. చీర్‌లీడింగ్ అన్నాను, వాదనకు సిద్ధపడి. ఆవిడ తలైనా ఎత్తకుండా స్పోర్ట్స్ ఇంజురీ అని రాసి, తర్వాతి పేషెంటును పిలిచింది. అంతే! కారిడార్‌లో కూర్చుని ఏడ్చాను. నొప్పి వల్లనుకుంది అమ్మ.

జనవరి 29
ఆ కాగితం సార్‌కి చూపించాను. రెండుసార్లు చదివారు. ఏది ఆటో తేల్చేది డాక్టర్లు కాదు, కమిటీ అన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది సార్ అంటే వచ్చే ఏడాదన్నారు. కనీసం మ్యాట్లయినా ఇప్పించమన్నాను. నా కట్టు వంక జాలిగా చూసి, జాగ్రత్తగా ఆడుకోవాలి కదమ్మా అన్నారు.

ఆడుకోవాలట. ఆట కాదన్న నోటితోనే.

ఫిబ్రవరి 19
పోటీ అయిపోయింది. మేం వెళ్లలేదు.

మార్చి 16
నిన్న కట్టు విప్పారు. ఇవాళ ప్రాక్టీసుకు వెళ్తే పిచ్చుక ఎక్కనంది. భయమా అంటే కాదంది. ఈసారి కింద తనుంటుందట, నన్ను ఎక్కమంది. నేను అరవై మూడు కిలోలు. నలుగురు కలిసి లేపారు. ఇన్నేళ్లలో పైకి వెళ్లడం ఇదే మొదటిసారి. కిందికి చూస్తే అన్నీ చేతులే.