తనంతట తానే పొంగే పిండి

ఏంబలం,
సెప్టెంబరు 19

చిరంజీవి నిర్మలకు,

మేనమామ భక్తవత్సలం దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేనూ మీ అత్తా క్షేమం. నా మోకాలు కూడా క్షేమమే. ఆపరేషన్ చేసిన డాక్టరు మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. ఉప్పళంలో నువ్వూ, నీ భర్త కార్తికేయనూ, నువ్వు ఆర్డర్లకు కేకులు చేసే ఆ పెద్ద పొయ్యీ కుశలమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీ అత్త జయమ్మాళ్ చేతిలో ఉంటుంది. పైగా నాకు వినబడాలంటే నువ్వు అరవాలి, నువ్వు అరిస్తే వీధంతా వింటుంది. తమిళంలో రాస్తే మీ అత్త చదివేస్తుంది. మా తాత నాకూ మీ అమ్మకూ తెలుగు రాత నేర్పాడు, మీ అమ్మ నీకు నేర్పింది. మీ అత్త చదివింది తమిళ బడి. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి దీన్ని తాళం వేసిన ఉత్తరం అనుకో. పొద్దున పాల వ్యాను తోలుకొని మీ వైపు వచ్చే దినకరన్ చేతికిస్తున్నాను.

సంగతేమంటే, వచ్చే నెల ఇరవై అయిదుకు మా పెళ్లయి యాభై ఏళ్లు. ఆ రోజు నా చేత్తో ఒక కేకు చేసి మీ అత్తకు పెట్టాలని ఉంది. క్షవరం చేయించుకునే షాపులో ఒక తమిళ వారపత్రికలో తయారు చేసే పద్ధతి కనబడితే, ఆ కాగితం చించుకొచ్చాను. దాంట్లో మొదటి వస్తువే ‘సెల్ఫ్ రైజింగ్ ఫ్లవర్’ అని ఉంది. ఫ్లవరంటే పువ్వే గదా అని మన బస్టాపు దగ్గర పూలమ్మే ఆమెను అడిగాను, దానంతటదే లేచే పువ్వు ఉందా అని. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, “ఈ వయసులో ఆ పువ్వు నీకెందుకు తాతా?” అంది. తరవాత కిరాణా నటరాజన్ అది పువ్వు కాదు, పిండి అని చెప్పాడు. కానీ అతని దగ్గర లేదు. అది యాడ దొరుకుతుందో రాయి.

ఇట్లు,
మీ మామ,
భక్తవత్సలం

తా.క.: నటరాజన్ అన్న మాట: “దానంతటదే లేసే పిండి నా అంగట్లో ఉంటే, నేను పొద్దున అయిదు గంటలకు ఎందుకు లేస్తా మావా?”

*

ఉప్పళం,
సెప్టెంబరు 21

పూజ్యులైన మామయ్యకు నిర్మల నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నేను నవ్వాను, తరవాత కొంచెం ఏడ్చాను కూడా. ఆయన రెండూ చూసి కంగారుపడ్డారు.

ఆ పిండి కోసం మీరు ఎక్కడికీ తిరగొద్దు. ఇక్కడ పెద్ద అంగళ్లలో దొరుకుతుంది గానీ నేనే ఎప్పుడూ కొనను, ఇంట్లో చేసుకుంటాను. ఒక కప్పు మామూలు మైదా తీసుకోండి. దానికి రెండు చిన్న చెంచాలు బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. నటరాజన్ ఆప్పసోడా, అదే వంటసోడా, ఇస్తే తీసుకోకండి, అది వేరే. అందుకే బేకింగ్ పౌడరు డబ్బా దినకరన్ చేతికిచ్చి పంపుతున్నాను. మూడూ కలిపి మూడుసార్లు బాగా జల్లండి. అంతే, పిండి తయారు.

ఇట్లు,
మీ మేనకోడలు,
నిర్మల

తా.క.: అత్తకు ఒక్క మాట కూడా చెప్పను. ఆయనకు చెప్పాను. ఆయన ఆఫీసులో ముగ్గురికే చెప్పారు.

*

ఏంబలం,
సెప్టెంబరు 24

చిరంజీవి నిర్మలకు మామ ఆశీస్సులు.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. మీ అత్త రోజూ మధ్యాహ్నం మూడింటికి పక్కింటి సెంగమలం దగ్గరికి టీవీ సీరియలు చూడడానికి పోతుంది, నాలుగున్నరకు వస్తుంది. ఆ సందులో కొలతలన్నీ తలకొట్టి కొలిచి కలిపాను. ఇక జల్లాలి. ఎక్కడ జల్లాలో నువ్వు రాయలేదు. శుభ్రమైన చోటు ఉండాలని పెరటి గడప నీళ్లు పోసి కడిగి, ఆరనిచ్చి, ఒకసారి జల్లాను. చూశాను, లేవలేదు. రెండోసారి జల్లాను. మూడోసారికి పిండి అయిపోయింది. అప్పుడు వచ్చాయి సెంగమలం కోళ్లు.

కోళ్లను తోలేలోగా మీ అత్త వచ్చేసింది. గడపకు అడ్డంగా మూడు వరసల తెల్లపొడి చూసి ఆమె నిలువునా బిగిసిపోయింది. “ఏందయా ఇది? ఎవురో మన వాకిట్లో ఏందో జల్లిపోయినారే” అంది. నేను కోళ్లను తోలుతున్నట్టు అటు తిరిగాను. సెంగమలాన్ని పిలిచింది. ఆమె వంగి చూసి, “మామూలు పొడి కాదక్కా ఇది, లెక్కగా మూడు వరసలుండాది” అని తేల్చింది. సాయంత్రానికల్లా బూడిద గుమ్మడికాయ తెప్పించారు. నన్ను వాకిట్లో తూర్పు మొహంగా కూర్చోబెట్టి దిష్టి తీశారు. ఎర్ర నీళ్లు కూడా తిప్పారు. చేసినవాడి పేరు తెలియదు గాబట్టి సెంగమలం అందర్నీ కలిపి తిట్టింది. ఆ తిట్లలో నా వాటా నేను తలవంచుకొని తీసుకున్నాను.

నిజం చెప్పు, ఈ పిండి మూడోసారి జల్లినప్పుడు లేవాలా, తరవాతా?

ఇట్లు,
మీ మామ

తా.క.: కోళ్లు మాత్రం బాగా తిన్నాయి. అవి పొంగుతాయేమోనని సాయంత్రం దాకా కనిపెట్టి ఉన్నాను.

*

ఉప్పళం,
సెప్టెంబరు 25

మామయ్యకు నిర్మల సాష్టాంగ నమస్కారాలు.

తప్పు నాదే. జల్లండి కాదు, జల్లించండి. జల్లెడ పట్టడం. అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్నప్పుడు నేను సగం పాఠాలకు కుర్చీ కింద దాక్కున్నాను, దాని ఫలం మీరు అనుభవించారు. జల్లెడలో మూడుసార్లు పడితే బేకింగ్ పౌడరు పిండి అంతటా సమంగా కలుస్తుంది. లేకపోతే కేకు ఒక పక్క కొండ, ఒక పక్క గుంట.

జల్లించాక గాలి చొరని డబ్బాలో వేసి మూత బిగించండి. ఇక అది దానంతటదే పొంగే పిండి. ఈసారి తేడా రాదు.

ఇట్లు,
నిర్మల

తా.క.: అది ముగ్గు అని చెప్పుంటే సరిపోయేది గదా అంటున్నారు ఈయన. యాభై ఏళ్లలో మామయ్య ఒక్క ముగ్గు వేసి ఉంటే అత్త నమ్మేది అన్నాను.

*

ఏంబలం,
అక్టోబరు 4

చిరంజీవి నిర్మలకు,

ముందు శుభవార్త. పిండి పొంగింది. కరివేపాకు చెట్టు కింద పొంగింది. వివరంగా రాస్తాను.

జల్లెడ పట్టి డబ్బాలో వేసి మూత బిగించాను. దానంతటదే పొంగుతుందని రాశావు గదా, పొంగి మూత ఎగిరిపోతే మీ అత్తకు తెలిసిపోతుందని మూత మీద పచ్చడి నూరే చిన్న అమ్మిరాయి పెట్టి, డబ్బాను ఎరువు మూటల వెనక దాచాను. రోజూ రాయి ఎత్తి చూస్తున్నాను, పిండి పెట్టినచోటే ఉంది. ఆరో రోజు మీ అత్త వెనకనుంచి వచ్చి, “ఆ డబ్బాలో ఏందుండాది?” అని అడిగింది. కొత్త రకం ఎరువు, వ్యవసాయ ఆఫీసులో మాదిరికి ఇచ్చారు అన్నాను. సరేనని పోయింది.

మరునాడు డబ్బా ఖాళీ. అడిగితే, “మన కరివేపాకు చెట్టు వాడిపోతా ఉండాది గదా, వేసేసినా” అంది. అంతలో వాన కురిసింది. చెట్టు మొదట్లో తెల్లగా బుడగలు కట్టి, దోసెపిండిలా పొంగి వచ్చింది నిర్మలా. నేను గొడుగు పట్టుకొని చూస్తూ నిలబడ్డాను. మీ అత్త కిటికీలోంచి నన్ను చూస్తూ నిలబడింది. ఎరువు బాగా పనిచేస్తా ఉండాదే అంది.

అయితే డబ్బాలో ఎందుకు పొంగలేదు?

ఇట్లు,
భక్తవత్సలం

తా.క.: కరివేపాకు చెట్టు రెండు చిగుళ్లు వేసింది. వ్యవసాయ ఆఫీసుకు చెప్పాలా వద్దా?

*

ఉప్పళం,
అక్టోబరు 7

మామయ్యకు నమస్కారాలు.

చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు.

పొడిగా ఉన్నంతకాలం ఆ పిండి నిద్రపోతుంది మామయ్యా. తడి తగిలితే మేలుకుంటుంది, వేడి తగిలితే లేస్తుంది. అందుకే తడిపిన పిండిని ఊరికే ఉంచకూడదు, వెంటనే పొయ్యెక్కించాలి. ఇది పురట్టాసి, పెరుమాళ్ల నెల, మీ ఇంట్లో కోడిగుడ్లు రావు, కాబట్టి పెరుగుతో చేసే పద్ధతి రాస్తున్నాను. ఒక కప్పు ఈ పిండి, అరకప్పు పెరుగు, అరకప్పు పంచదార, పావుకప్పు నూనె, కలుపుకోను సరిపడా పాలు. అన్నిటికీ ఒకే కప్పు. కుక్కరులో ఉప్పు పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి సన్న సెగ మీద నలభై నిమిషాలు.

అయినా ఒక మాట. కురుచికుప్పంలో కొత్త పడవ కట్టినవాళ్లకు పడవ ఆకారంలో కేకు చేస్తున్నాను. అది అయిపోతే నాకు తీరికే. ఇరవై అయిదు పొద్దున్నే నేనే ఒక మంచి కేకు చేసి స్కూటరు మీద తెచ్చేస్తాను. మీరు ఆ మోకాలితో వంటింట్లో నిలబడడం ఎందుకు? అత్తకు మీరే చేశారని చెబుదాం.

ఇట్లు,
నిర్మల

తా.క.: పడవ కేకుకు తెరచాప కావాలట. ఈయన అప్పడం పెట్టమంటున్నారు. మీ ఇద్దరినీ నేను వేరువేరుగా ఉంచాలి.

*

ఏంబలం,
అక్టోబరు 16

నిర్మలకు మామ రాసేది.

నువ్వు తెచ్చే కేకు నాకొద్దు. కోపంతో రాయడం లేదు.

ఆపరేషన్ అయ్యాక నలభై రోజులు మీ అత్త నాకు చెంచాతో తినిపించింది. ఒక్క పూట చల్లారిన గంజి పెట్టలేదు. ఆ నలభై రోజుల్లో తను ఎప్పుడు తిన్నదో నేను చూడలేదు. దానికి ముందు నలభై ఎనిమిదేళ్లూ చూడలేదు, అప్పుడు పొలం ఉందని సాకు. రెండేళ్లుగా పొలం కౌలుకిచ్చి ఈ వాకిటి తిన్నె మీద కూర్చున్నాక తెలిసింది, ఆమె కాఫీ ఎప్పుడూ వాడిన పొడి మీదే మళ్లీ నీళ్లు పోసిన రెండో కాపు డికాషన్‌తో తాగుతుందని. మొదటిది నాకు. ఇదంతా ఆమెతో అనాలంటే నాకు నోరు రాదు, అలవాటు లేదు. కేకు అయితే నేను నోరు తెరవక్కర్లేదు. ఆమె తెరిస్తే చాలు.

నిన్న మొదటి కేకు చేశాను. లేస్తోందా లేదా అని అయిదు నిమిషాలకోసారి మూత తీసి చూశాను. లేచింది, నన్ను చూసి మళ్లీ కూర్చుంది. దినకరన్‌కు పెడితే, “హల్వా బాగుండాది మావా” అన్నాడు.

ఇంక తొమ్మిది రోజులుంది.

ఇట్లు,
మీ మామ

తా.క.: మూత తీయకుండా ఉండడానికి నన్ను నేను తిన్నె స్తంభానికి కట్టేసుకోవాలా, లేక మనసు నిగ్రహిస్తే చాలా? వెంటనే రాయి.

*

ఉప్పళం,
అక్టోబరు 17

మామయ్యకు,

మీరే చేయండి. నేను రాను. మూత తీయొద్దు. ముప్పై అయిదు నిమిషాల దాకా వంటింటి గడప దాటి లోపలికి పోవద్దు. తరవాత పుల్ల గుచ్చి చూడండి, పుల్లకు పిండి అంటకపోతే దించేయండి.

ఇట్లు,
నిర్మల

తా.క.: ఇవాళ నేను ఈయనకు మొదటి డికాషన్ ఇచ్చి, మళ్లీ లాక్కున్నాను.

*

ఏంబలం,
అక్టోబరు 27

అమ్మాడీ నిర్మలా,

నీ అత్త జయమ్మాళ్ అనేక దీవెనలతో రాసుకొనేది. అక్షరాలు చూసి భయపడొద్దు, నేనే రాస్తున్నాను. మా అవ్వ నాకు ఏడేళ్లప్పుడు చేటలో బియ్యం పోసి వేలితో తెలుగు దిద్దించింది. అత్తగారింట్లో నీకు చదవనొస్తుందా అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగని మాట చెప్పకపోవడం అబద్ధం కాదు గదా.

దిష్టి తీసిన మరునాడు, ఇంకా ఎక్కడైనా పొడి జల్లారేమోనని ఇల్లంతా వెదికితే ఆయన పంచెల మడతల్లో నీ ఉత్తరం దొరికింది. ఆ తరవాత ఆయన ప్రతి ఉత్తరం రాసి చొక్కా జేబులో పెట్టుకొని స్నానానికి పోయేవాడు, నేను చదివి మళ్లీ జేబులో పెట్టేదాన్ని. ఆ పిండి తెలిసే చెట్టుకు వేశాను. ఎరువని ఆయనే అన్నాడు, మొగుడి మాట దాటకూడదు. ఆ మధ్యాహ్నం సీరియలు మాత్రం నాకు మొదటినుంచీ నచ్చదు. వంటింట్లో ఆయన జల్లెడతో పోట్లాడడం సెంగమలం గోడ పక్కనుంచి వింటూ కూర్చునేదాన్ని.

ఇరవై అయిదున కేకు లేచింది. అడుగు కొంచెం మాడింది, నడుమ కొంచెం పగిలింది. ఆయన గిన్నె బోర్లించి తట్టి, అది ముక్కలు కాకుండా పళ్లెంలో పడేసరికి కళ్లు తుడుచుకొని, ఉల్లిపాయ కోశాను అన్నాడు. ఇంట్లో ఉల్లిపాయ లేదు. ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టి, “తిను” అన్నాడు. తిన్నాను. నేను మొత్తం మింగేదాకా ఎదురుగా నిలబడి చూశాడు. నేను తింటా ఉంటే ఆయన చూడడం ఇదే మొదలు. “బాగుండాదా?” అన్నాడు. బాగుండాది అన్నాను.

ఇప్పుడు నేను రాయదలచిన అసలు సంగతి. పొలం వదిలాక ఈ రెండేళ్లు ఆయన తిన్నె మీద మూటలా కూర్చునేవాడు. ఈ నెలరోజులు ఊతకర్ర ఎక్కడ పెట్టాడో మరిచిపోయి తిరిగాడు. మొన్నటితో కేకు పని అయిపోయింది. నిన్న పొద్దున మళ్లీ పోయి తిన్నె మీద కూర్చున్నాడు. నాకు భయం వేసింది. నువ్వు వెంటనే ఆయనకు ఉత్తరం రాసి, ఇంకా కష్టమైనది ఏదైనా నేర్పు. ఒక్కసారికి రానిది చూసి నేర్పు.

నాకు చదవనొచ్చని మాత్రం చెప్పొద్దు. యాభై ఏళ్లలో నా గురించి ఒక మంచి మాట నాతో అన్న మనిషి కాదు. ఆయనకు నా గురించి ఏం తోస్తుందో నీకు రాసిన ఉత్తరాల్లోనే చదువుకున్నాను. ఆ కాఫీ మాట నాలుగుసార్లు చదివాను. ఆ ఉత్తరాలు ఆగిపోతే నేను ఏం చేయను?

ఇట్లు,
మీ అత్త,
జయమ్మాళ్

తా.క.: బన్నులకు ఈస్టు అని ఒకటి వేస్తారంట. అది తనకిష్టమైన వేళకే లేస్తుందంట, తొందరపెడితే అలుగుతుందంట. సెంగమలం టీవీలో చూసి చెప్పింది. మీ మామకు అదే సరి జోడు. ముందు దాన్ని పంపు.