ఊడ్చిన దారి

జూన్ 3
ప్రభుత్వ భూముల కార్యాలయం వారికి నమస్కారాలతో,

మా నీటిబుగ్గ దారికి అడ్డగర్ర పెట్టి, వాహనాలు రాకూడదని బోర్డు తగిలించారు. ఆ దారి చివర ఎర్రరాతి గట్టు మీద మా ఆయన ఓరిన్ బూడిద చల్లాం. ఏటా సెప్టెంబరు పదిన జీపులో వెళ్లి పలకరించి వస్తాను. మూడు మైళ్లు నడవమంటే నా మోకాళ్లు ఒప్పుకోవు, వాటికి డెబ్బై తొమ్మిదేళ్లు. బోర్డు తీసేయండి.

ఇట్లు,
వెర్లా టెబ్స్
కాపర్ లెడ్జ్, యూటా

తా.క. బోర్డు నేనే పీకగలను. మర్యాద కోసం అడుగుతున్నాను.

జూన్ 20
గౌరవనీయులైన టెబ్స్ గారికి,

మా సిబ్బంది రెండుసార్లు వెళ్లి చూశారు. ఒక్క చక్రం జాడ కూడా లేదు. బళ్లు తిరిగిన ఆనవాలు లేని చోట దారి ఉన్నట్టు పటంలో చూపలేం.

భవదీయుడు,
రే ట్రుహియో, దారుల అధికారి

తా.క. బోర్డు పీకితే జరిమానా. మర్యాదగానే చెబుతున్నాను.

జూలై 2
ట్రుహియో బాబుకి,

జాడ ఎలా ఉంటుందయ్యా? తిరిగొచ్చేటప్పుడు చక్రాల జాడ చెరిగిపోయేలా జీపు వెనక జునిపర్ చెట్టు మండ కట్టి ఈడ్చుకొస్తాం. నలభై ఏళ్ల కిందట ఓరిన్ పెట్టిన నియమం. "ఎడారికి చుట్టపుచూపుగా వచ్చాం, ఇల్లు ఊడ్చి వెళ్లాలి" అనేవారు. నేలంతా దున్నేసిన వాళ్ల దారులు మీ పటంలో ఉన్నాయి, మాది లేదు. మంచికి పోతే చెడు ఎదురైంది. జాడలే కావాలా, ఇస్తాను.

ఇట్లు,
కోపంతో వెర్లా

తా.క. నిన్ననే ఇచ్చాను. వచ్చి చూసుకోండి.

జూలై 18
వెర్లా గారికి,

చూశాం. పదకొండు చోట్ల నేల పెళ్లగిలింది. ఇప్పుడు ఆ దారిని 'దెబ్బతిన్న నేల' అనే పద్దు కింద మూసేశాం. మొన్న లేదన్న దారిని ఇవాళ మూసేశామని రాయడానికి నాకూ సిగ్గుగానే ఉంది.

భవదీయుడు,
రే

తా.క. మీరు జీపుతో నేల మీద తిప్పిన రెండు సున్నాలు చాలా గుండ్రంగా వచ్చాయని మా డ్రైవరు మెచ్చుకున్నాడు.

ఆగస్టు 5
రే బాబుకి,

ఆయన మాట మీద నలభై ఏళ్లు ఊడ్చిన నేలని ఒక్క పూటలో పాడుచేశాను. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఇక అడగను. సెప్టెంబరు పదిన మీవాళ్లెవరైనా అటు వెళితే, వెర్లా ఈ ఏడు రాలేకపోయిందని ఆయనతో చెప్పండి.

ఇట్లు,
వెర్లా

తా.క. గట్టు కింద పాత తూటాల పెట్టెలో వచ్చినవాళ్లు సంతకాలు చేసే పుస్తకం ఉంది. ఆయన రాసేది నన్ను చూడనిచ్చేవారు కాదు. పోయాక తెరిచే ధైర్యం నాకు లేకపోయింది.

సెప్టెంబరు 24
వెర్లా గారూ,

పదిన నేనే నడిచి వెళ్లి, మీరన్నట్టే చెప్పాను. పదకొండు చోట్లా జునిపర్ మండతో ఊడ్చాను. నడుం పట్టేసింది.

పుస్తకం తెరిచాను. ఓరిన్ గారి చేతిరాతలో నూట పన్నెండుసార్లు తారీఖు వేసి ఒకటే మాట: "జీపులో వచ్చాం, ఊడ్చి వెళ్తున్నాం." ఫొటోలు తీసి మా పై అధికారి ముందు పెడితే, ఆయన చాలాసేపు చదువుకుని, బళ్లు తిరిగాయనడానికి ఈ రాతే ఆనవాలని పటం తెప్పించారు. సోమవారం బోర్డు తీసేస్తాం. పదో తారీఖు దాటిపోయిందని బాధపడకండి. ఓరిన్ గారే సగం తారీఖులు తప్పు వేసి, కొట్టేసి మళ్లీ రాశారు, రోజులు అటూ ఇటూ అయినా పట్టించుకోరు.

మీ
రే

తా.క. ఆయన ఆఖరిసారి రాసింది వేరు: "ఈసారి వెర్లా నడిపింది. నాకంటే బాగా నడిపింది. ఇంటికెళ్లాక చెప్పాలి." చెప్పకుండానే వెళ్లిపోయి ఉంటే, ఇదిగో, చెప్పారు.