సెబాస్టియన్ గారి టెంపో

5 జూన్ 1994, ఆదివారం

ఈ మనిషికి చెయ్యి పడిపోయిందా ఏంటి!

మూడు గంటల రిహార్సల్. మొదటి మూవ్‌మెంట్‌లో, అదే మొదటి భాగంలో, రెండో పేజీ దాటలేదు. ఇరవై దాటీ దాటని వయసులో ఇటలీ తిరిగిన ఓ జర్మన్ రాసిన సింఫనీ అది. ఎండ, కొత్త ఊళ్ళు, గుర్రబ్బండి. బాగా హుషారుగా వాయించమని కాగితం మీదే ఉంది. మా కండక్టర్ సెబాస్టియన్ గారు మాత్రం శవం వెనక నడిచినట్టు నడిపిస్తున్నారు.

వారమంతా ఫిల్మ్‌నగర్ రికార్డింగ్ థియేటర్‌లో సినిమా పాటలకి వాయించే పద్దెనిమిది మందిమి, ఆదివారం మాకోసం మేం వాయించుకుందామని చేరాం. ఫస్ట్ వయొలిన్, లీడర్ నేనే. గిట్ల సాగదీస్తే వినేటోళ్ళు పండుకుంటరని డబుల్ బేస్ భిక్షం గొణిగాడు. అడిగేశాను, స్పీడ్ ఎందుకు తగ్గించారు సార్ అని.

"పుష్పమ్మా, నువ్వు కిటికీలోంచి ఊళ్ళు చూసే ప్రయాణం వాయిస్తున్నావు. నేను సామాన్లు మోసే ప్రయాణం అడుగుతున్నా" అన్నారు.

రాసినాయన వాళ్ళ నాన్న బ్యాంకర్ సార్, ఆయనేం మోశాడు అన్నాను. అందరూ నవ్వారు. సెబాస్టియన్ గారు నవ్వలేదు.

7 జూన్

కోపం తగ్గలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ కూడా ఆ ట్యూన్ నా స్పీడులోనే పాడుకున్నా. సామాన్లట! సినిమా ఇండస్ట్రీ హైదరాబాద్ వచ్చేస్తోందని మద్రాసు వదిలింది ఈయనొక్కడేనా? నేను రాలేదా, యూసుఫ్‌గూడలో రెండు గదుల్లోకి? అందుకే నాకు స్పీడ్ కావాలి. ఎక్కడికో అక్కడికి త్వరగా చేరిపోవాలి.

12 జూన్, ఆదివారం

మళ్ళీ పోట్లాట. రెండో భాగం, స్లో మూవ్‌మెంట్ మాత్రం బాగా నడిపించారు. ఆయన ముందు ఒప్పుకోను.

16 జూన్

మా థియేటర్ ఓనర్, ప్రొడ్యూసర్ చలపతిరావు గారు సెబాస్టియన్ గారిని పిలిపించాడట. ఆయన సినిమా వంద రోజుల ఫంక్షన్. హీరో నడిచొచ్చేటప్పుడు మా "ఫారిన్ బిట్" రెండు నిమిషాలు వాయించాలట. ఫాస్ట్‌గా. ఏడుపు ముక్క, అదే స్లో మూవ్‌మెంట్, వద్దట. సెబాస్టియన్ గారు సరేనండీ అన్నారట.

సరేనండీ!

నేను గొంతు చించుకున్నా వినని మనిషి ప్రొడ్యూసర్ ఒక్క మాటకి స్పీడ్ పెంచేశాడు. నేనడిగిందీ అదే. అయినా కడుపు మండిపోతోంది.

27 జూన్, ఉదయం

నిన్న సాయంత్రం జూబ్లీహిల్స్‌లో, చలపతిరావు గారింటి లాన్‌లో ఫంక్షన్. షామియానా వెనక, ప్లేట్లు కడిగేచోట మాకు కుర్చీలు. హీరో కారు దిగాడు. సెబాస్టియన్ గారు చెయ్యెత్తారు. ఎంత ఫాస్టో! నా స్పీడ్ కన్నా ఫాస్ట్. సగం నోట్స్ మింగేశాం. ఎవరికీ తెలీలేదు. ఈలలు. హీరో కూర్చున్నాడు. ఇక ఆపెయ్యాలి.

ఆయన ఆపలేదు. పేజీ తిప్పారు. స్లో మూవ్‌మెంట్.

మైకులో ఎవరో స్వాగతం చెబుతున్నారు. చలపతిరావు గారు దూరం నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. మావాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు. లీడర్ ఎత్తుకోకపోతే ఎవరూ ఎత్తుకోరు. ఒక్క మాట చెప్పకుండా మా అందరి పనీ పోగొడుతున్నాడే ఈ మనిషి అని ఒళ్ళు మండింది. ఆ మంటతోనే వయొలిన్ తీగల మీద బో వేశాను.

ఆరు నిమిషాలు. మైకు సౌండ్ పెంచారు. మేం చివరిదాకా వాయించాం.

తర్వాత చలపతిరావు గారు వచ్చి, వయసుకి మర్యాదిచ్చి ఊరుకుంటున్నా, నా గేటు తొక్కొద్దు అన్నాడు సెబాస్టియన్ గారితో. మీ అందరికీ బదులు ఒక్క కీబోర్డు చాలు అని మాతో.

రోడ్డు మీద నిలదీశాను, ముందే చెప్పొచ్చుగా సార్ అని.

"చెబితే మీరంతా సరేనంటారని భయమేసిందమ్మా. అప్పుడు నాకు వెనక్కి తగ్గే దారుండదు."

ఆటోలో కూర్చోబెట్టి పంపించాను.

8 జూలై

ఒక్క రికార్డింగ్‌కీ పిలుపు లేదు. వేరే థియేటర్‌కి పోయి అడిగితే కీబోర్డ్ ఉన్నది గదా అన్నరని భిక్షం చెప్పాడు. చలపతిరావు మీద కోపం. సెబాస్టియన్ గారి మీద కోపం. బో వేసిన నా చేతి మీద కూడా. వేసినందుకు బాధ మాత్రం లేదు, అదే ఇంకా కోపం.

17 జూలై, ఆదివారం

రిహార్సల్ ఇప్పుడు మధురానగర్‌లో చర్చి వెనక గదిలో. తొమ్మిది మందిమే వచ్చాం. మొదటి మూవ్‌మెంట్ నేను నా స్పీడులో ఎత్తుకున్నా. సెబాస్టియన్ గారు తన స్పీడులో చెయ్యి ఊపారు. ఇద్దరమూ తగ్గలేదు.