కొత్త తినక ముందు

జూలై 14

జగ్‌దల్‌పూర్. గర్ల్స్ హాస్టల్. రూమ్ నంబర్ పదకొండు.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. ఇక్కడ ఎవరికీ తెలుగు చదవడం రాదు, అదే ధైర్యం. పదో తరగతి దాకా చర్ల దగ్గర మామ ఇంట్లో ఉండి తెలుగులో చదివాను. ఆ తర్వాత రెండేళ్లు కోంటాలో హిందీ. ఇప్పుడు బీఎస్సీ ఫస్ట్ ఇయర్. మా గొల్లపల్లి నుంచి ఈ కాలేజీకి వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇది గొప్ప అనుకోవాలో భయపడాలో తెలియడం లేదు.

హాస్టల్ అధీక్షిక, అంటే వార్డెన్, రీనా మేడం. మాటకోసారి అడ్జస్ట్ కర్‌నా పడేగా, సర్దుకోవాల్సిందే అంటుంది. బాత్రూమ్ తలుపు సరిగా పడదని చెప్తే అడ్జస్ట్. మంచం కోడు ఊగుతోందంటే అడ్జస్ట్.

రూమ్మేట్ పేరు జయ. కిరందుల్ టౌన్‌షిప్ పిల్ల. నాన్న గనిలో డంపర్ నడుపుతాడు, వాళ్లది శ్రీకాకుళం వైపు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. నేను ఏంది అనగానే పకపకా నవ్వింది. ఇదేం తెలుగే తల్లీ అంది. అమ్మను నేను అవ్వ అంటానని తెలిశాక ఇంకా నవ్వింది. వాళ్ల ఇంట్లో అవ్వ అంటే పళ్లు ఊడిన ముసలమ్మట. నాకు ఒళ్లు మండింది. 

జూలై 15

సన్నే అని మూడు భాషల్లో పేరు చెప్పాను. నాలుగో భాషలో ఏడ్చాను.

ఆగస్టు 3

కెమిస్ట్రీ సార్ హిందీ రైలులా పోతుంది. నేను ఎక్కేలోపు స్టేషన్ దాటేస్తుంది. బోటనీ మాత్రం బాగుంది. ఆకులు, వేళ్లు, గింజలు. అవన్నీ నాకు ముందే తెలుసు, పేర్లే కొత్త.

ఈరోజు అవ్వ ఫోన్ చేసింది. ఊళ్లో సిగ్నల్ లేదు, రోడ్డు పక్క గుట్ట దాకా రావాలి. నాయన మాట కూడా చెప్పింది. చదువు సాగకపోతే తిరిగి వచ్చేయమన్నాడట, మిర్చి ఏరడానికి ఈసారి మనుషులు తక్కువగా ఉన్నారట. నాయన బెదిరించడం లేదు. ఉన్న సంగతి చెప్తున్నాడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఇక్కడి నుంచి ఇంటికి వెళ్తే మళ్లీ రాను. అది నాకు తెలుసు.

అక్టోబర్ 30

మెస్‌లో బియ్యం మారింది.

మూత తీయగానే తెలిసిపోయింది. కొత్త బియ్యం వాసన ఎవరికి తెలియదు! మెతుకు మెతుకుకీ అతుక్కుని ఉంది. వంట చేసే లక్మే అక్కను అడిగితే, అవును, పాత బస్తాలు అయిపోయాయి, ఈ ఏటి పంటే అంది.

ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక లైన్‌లో అమ్మాయిలు తోస్తున్నారు. ప్లేటు ఖాళీగానే పెట్టి బయటికి వచ్చేశాను.

ఇక్కడ రాసుకుంటే తప్ప ఎవరికీ చెప్పలేను. మా ఇంట్లో కొత్త పంట ముందు పెద్దలకు పెట్టాకే మేం తింటాం. ఏ రోజన్నది ఊరి పూజారి కాశయ్య తాత చెప్తాడు. ఆ రోజు కొత్త బియ్యం వండి, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని టేకాకులు పరుస్తారు. నాయన మొదటి ముద్ద తీసి, మా ఇంటిపేరు చెప్పి, చనిపోయిన పెద్దలను పిలుస్తాడు. దాన్నే కొత్త తినడం అంటాం. అది కాకముందు ఇంటి మనిషి ఎవరు కొత్త పంట నోట్లో పెట్టినా, తిన్న మనిషికి దెబ్బ తగలదు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకు తగులుతుంది.

మా ఇంట్లో చిన్నది జోగే. నా చెల్లి.

బీఎస్సీ చదువుతూ ఇది నమ్ముతావా అని నన్ను నేనే అడిగాను. తెలియదు. నమ్మకపోయినా జోగే మీద పందెం కాయలేను.

నవంబర్ 2

మెస్‌లో పొద్దున అటుకుల పోహా, మధ్యాహ్నం అన్నం, రాత్రి మనిషికి రెండు రొట్టెలు. నేను మధ్యాహ్నం తినడం లేదని ఎవరో మేడంకి చెప్పారు. ఆఫీసుకి పిలిచింది. భయంతో నాకు హిందీ మాట ఒక్కటీ తోచలేదు. పక్కనున్న జయతో, ఇంకా కొత్త తినలేదు అని చెప్పు అన్నాను. జయ ఎంతో తెలిసినట్టు తల ఊపి, ఈ అమ్మాయికి కొత్త తిండి పడటం లేదట మేడం అని హిందీలో చెప్పింది.

మేడం నవ్వింది. నాలుగు నెలలైంది, ఇంకా కొత్తేమిటి, అడ్జస్ట్ కరో అంది.

బయటికి వచ్చాక జయను తిట్టాను. అది నన్ను తిట్టింది. నువ్వు అన్నదే కదా చెప్పాను అంది. నిజమే. దానికి వినబడింది అదే. 

నవంబర్ 5

అవ్వ ఫోన్. కొత్త ఎప్పుడని ముందు అదే అడిగాను. వచ్చే వారం అనుకున్నారట. ఈలోపు ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. ఆయన దినాలు అయ్యేదాకా పండుగ లేదు. ఆ తర్వాత కాశయ్య తాత మళ్లీ రోజు చూడాలి.

నువ్వు జాగ్రత్త అంది అవ్వ. దేనికి జాగ్రత్త అనేది చెప్పలేదు. చెప్పక్కరలేదు. నేను తినడం లేదని కూడా నేను చెప్పలేదు.

నవంబర్ 8

రెండు రొట్టెలతో పొద్దు గడవదు. అన్నం తిని పెరిగిన కడుపు ఇది. రొట్టె దానికి తిండి కింద లెక్క కాదు. క్లాసులో అక్షరాలు బోర్డు మీద ఈదుతున్నాయి. పొద్దున పోహా ఒక్కటే ఆధారం. అది ప్యాకెట్‌లో వచ్చేది, ఎప్పటి వడ్లో ఏమో, పాతవే. కడుపునిండా అదే తింటున్నాను.

నవంబర్ 11

నా బుద్ధికి నిప్పు పెట్టాలి.

పొద్దున పోహా మెత్తగా, తియ్యగా ఉంది. రెండోసారి వేయించుకున్నాను. బాగుందా అని లక్మే అక్క మురిసిపోయింది. ప్యాకెట్ పోహా మానేసి వారం అయిందట. వాళ్ల ఊరి మిల్లులో కొత్త వడ్లు పట్టించి తెస్తోందట.

వారం!

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. మీ నవాఖానీ, అదే కొత్త తినడం, ఇంకా కాలేదా అని వాళ్ల హల్బీ భాషలో మెల్లగా అడిగింది. వాళ్లది వినాయక చవితి తర్వాతే అయిపోయింది.  నల్లా దగ్గరికి పోయి గొంతులో వేలు పెట్టుకున్నాను. ఈ పూట తిన్నది వచ్చింది. వారం తిన్నది ఎలా వస్తుంది?

సాయంత్రం నాయన ఫోన్. ఆయన ఎప్పుడూ చేయడు. జోగేకి జ్వరం, చలితో వణుకుతోంది, కోంటా ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అని చెప్పి పెట్టేశాడు.

నవంబర్ 12

ఫోన్ కలవడం లేదు.

నవంబర్ 13

బోటనీ ప్రాక్టికల్‌లో పడిపోయాను. మైక్రోస్కోప్ మీద పడకుండా జయ పట్టుకుందట. లేచేసరికి హాస్టల్ ఆఫీసులో బెంచి మీద ఉన్నాను. రీనా మేడం తలుపు వేసి, ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని అడిగింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చచ్చిపోవాలనిపించింది. టెస్టు చేయించారు. ఏమీ లేదు అని తేలాక కూడా ఆమె ముఖం మారలేదు.

తిండి మానేసే పిల్లను హాస్టల్‌లో పెట్టుకోలేను, రేపు ఏదైనా అయితే నా ఉద్యోగం పోతుంది అంది. ఈ నెలాఖరు దాకా చూస్తుందట. అప్పటికీ అన్నం తినకపోతే ఇంటికే. నా సీటు కోసం పిల్లలు వెయిటింగ్‌లో ఉన్నారట. ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అందుకే పోట్లాడలేకపోయాను.

తింటే జోగే. తినకపోతే నేను. మధ్యలో ఇంకేమీ లేదు.

నవంబర్ 15

జయతో పెద్ద గొడవ.

నేను స్నానానికి వెళ్లినప్పుడు అవ్వ ఫోన్ వస్తే అది ఎత్తింది. ఎత్తి ఊరుకుందా? మీ అమ్మాయి అన్నం ముట్టడం లేదు, పడిపోయింది, మేడం ఇంటికి పంపేస్తానంటోంది, మొత్తం చెప్పేసింది. పడిపోయిన రాత్రి నేను ఏడుస్తూ దానికి చెప్పిన పోహా సంగతి కూడా. అది కూడా!

నీకేం పని అని అరిచాను. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ అన్నం నేను తినలేను కదా, అదొక్కటే చేయగలిగాను అంది. మీ అమ్మ జోగే సంగతి చెప్పి, ఆ తర్వాత కూడా చాలాసేపు ఫోన్ పట్టుకునే ఉంది అని చెప్పింది.

జోగేకి మలేరియా అని తేలిందట. మందులు పడుతున్నాయి. ఊళ్లో ఇంకా చాలామందికి ఉందట. అయినా జోగేది వట్టి జ్వరమేనని నాకు నమ్మకం కుదరలేదు. మిగతావాళ్ల అక్కలెవరూ పోహా తినలేదు కదా.

నవంబర్ 19

జయ తన రొట్టె ఒకటి నా ప్లేటులో పడేస్తోంది. చూడకుండా పడేస్తుంది, నేను థాంక్స్ చెప్పకుండా తింటాను. మేడం రోజూ మధ్యాహ్నం మెస్ తలుపు దగ్గర నిలబడుతోంది, నా ప్లేటు చూడటానికే. ఊరి నుంచి కబురు లేదు.

నవంబర్ 22

అవ్వ ఫోన్ చేసింది. గొంతు బాగుంది, నవ్వుతోంది కూడా. జోగే లేచి తిరుగుతోందట. నిన్ననే కొత్త తిన్నారట.

ప్రాణం లేచి వచ్చింది.  హమ్మయ్య, అయితే ఇంక నేను తినొచ్చు అన్నాను. నా ఆకు మీద ఎంత పెట్టారు, ఎవరు తిన్నారు అని అడిగాను. ఇంటి మనిషి ఊళ్లో లేకపోయినా ఆకు వేస్తాం. చర్లలో చదివిన రోజుల్లో నా ఆకులోది ప్రతి ఏడూ జోగేనే తినేది.

అవ్వ నవ్వు ఆపింది. తర్వాత చెప్పింది.

"కాశయ్య తాతను అడిగిన. లగ్గమై పోయిన పిల్లకు ఈ ఇంటి కట్టుబాటు ఉండదు గదా, సన్నేను గూడ గట్లనే అనుకోండ్రి అన్నడు. గందుకే నీ ఆకు ఎయ్యలే, బిడ్డా. ఇగ నువ్వు ఎప్పుడు ఏం తిన్నా మాకు తగలదు. ముందు తిన్నది గూడ లెక్కల లేదు. చదువుకో. కడుపునిండ తిను."

వచ్చే ఏడు కూడా వేయరా అని అడిగాను. ఒకసారి తీసిన ఆకు మళ్లీ వేయరు అంది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. నాయన ఒప్పుకున్నాడా అంటే, ఆకులు కోసుకొచ్చింది ఆయనే, ఒకటి తక్కువ తెచ్చాడు అంది.

నా కోసమే చేశారు. నేను ఇక్కడ ఉండాలనే చేశారు. ఆ సంగతి నాకు తెలియకపోతే కోపమైనా వచ్చేది. కోపం కూడా రావడం లేదు. జయ ఏమైందని అడిగింది. పండుగ అయిపోయింది అన్నాను. మంచిదేగా అంది. మంచిదే అన్నాను.

నవంబర్ 23

మెస్ వెనక టేకు చెట్టు ఉంది. ఒక ఆకు కోసి, కడిగి, స్టీలు ప్లేటులో పరిచాను. లక్మే అక్క అన్నం పెట్టింది. తలుపు దగ్గర మేడం చూస్తోంది. జయ నా పక్కన కూర్చుని, ఏంది ఇది అంది. ఏంది అనే అంది.

మొదటి ముద్ద తీసి పక్కన పెట్టాను. ఏ ఇంటి పేరు చెప్పాలో తోచలేదు.

రూమ్ నంబర్ పదకొండు అన్నాను.

తిన్నాను.