శ్రావణి వాంగ్మూలం

శుక్రవారం, రాత్రి

మధ్యాహ్నం ఎవడో మా వెనక తలుపు గడియ పెకలించబోయాడు. ఇంట్లో మా అమ్మాయి శ్రావణి ఒక్కతే. కిటికీలోంచి వాణ్ని చూసి, మంచం లాగి తలుపుకు అడ్డం పెట్టి, గల్లీ అంతా వినపడేలా అరిచిందట. ఎదురింటి టైలర్ భాయ్ పరుగెత్తుకొచ్చేసరికి వాడు గోడ దూకి పారిపోయాడు.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కానిస్టేబుల్ ఇంట్లో కూర్చుని దాన్ని అడుగుతున్నాడు.

"వాడెట్లున్నడు బిడ్డా?"

పిల్లకు నత్తి. మొదటి మాటకే తడబడింది. అలవాటు చొప్పున దాని బదులు నేనే చెప్పబోయాను, చూసినవాడిలా.

"నువ్వాగు బాపూ. నే... నేనే చెప్త."

చాలాసేపు పట్టింది. చొక్కా రంగు నుంచి చేతిలోని రాడ్డు దాకా ఒక్కటీ వదల్లేదు. గల్లీవాళ్లు దాని అరుపును మెచ్చుకుంటున్నారు. నాకు మాత్రం ఇదే గొప్ప.

రేపు దాన్ని ఒంటరిగా వదిలి డ్యూటీకి ఎలా వెళ్లాలో...

పదిహేనేళ్లుగా దాని మాటలన్నీ నేనే పూర్తి చేస్తున్నాను. చేయమని అదెప్పుడైనా అడిగిందా?